మారనంటూనే మారారు.. గెలిచారు! ఇంజిన్లతో ఎంజో ఫెరారీ 70 ఏళ్ల పోరాటం

2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరం. మన దేశంలో తొలిసారి ఫార్ములా ఈ రేస్ జరిగిన రోజు అది. రోజూ బస్సులు, ఆటోలు తిరిగే రోడ్డు మీద ఎలక్ట్రిక్ రేస్ కార్లు దూసుకెళ్లాయి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అయితే ఇంజిన్ మోతకు అలవాటు పడ్డ వాళ్లకు ఎక్కడో ఏదో తక్కువైనట్టే ఉంటుంది. చెవులు చిల్లులు పడే సౌండ్ లేదు. పెట్రోల్ వాసన లేదు. పొగ లేదు.

ఇంజిన్ సౌండ్ లేని రేస్.. అసలు రేసేనా?

ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. ఇంజిన్‌ని డ్రైవర్ ముందు నుంచి వెనక్కి మార్చినప్పుడూ ఇలాంటి గొడవే జరిగింది. టర్బో వచ్చినప్పుడూ జరిగింది. టర్బోని బ్యాన్ చేసినప్పుడూ జరిగింది. ఈ గొడవలన్నింట్లో ఉన్న మనిషి ఒకరున్నారు. ఆయన పేరే ఇప్పుడు ఎర్ర కార్లకు మారుపేరు.. ఎంజో ఫెరారీ.

ఫెరారీ అంటే మనకు కోట్ల ఖరీదైన కారు గుర్తొస్తుంది. గుర్రం బొమ్మ గుర్తొస్తుంది. కానీ ఆయన జీవితం మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఇంజిన్ మారుతుంటే రేసింగ్ ఏం చేయాలి? ఎక్కడ పట్టు పట్టాలి.. ఎక్కడ విడవాలి? ఇప్పుడు ఫార్ములా వన్ కొత్త ఇంజిన్ రూల్స్‌తో మళ్లీ అదే ప్రశ్న ముందు నిలబడింది. అందుకే ఈ కథ ఒకసారి చెప్పుకోవాల్సిందే.

మంచు కురిసిన రోజు..

1898 ఫిబ్రవరి 18న ఇటలీలోని మోడెనాలో ఎంజో పుట్టారు. ఆ రోజు మంచు విపరీతంగా కురవడంతో రెండు రోజుల తర్వాత గానీ పుట్టుకను రికార్డుల్లో రాయించలేకపోయారు. తండ్రి అల్ఫ్రెడోకు లోహపు పనుల వర్క్‌షాప్ ఉండేది. సుత్తి దెబ్బల మధ్య పెరిగిన పిల్లాడు ఎంజో.

పదేళ్ల వయసులో తండ్రి అతన్ని బొలోన్యాలో కార్ రేస్ చూడ్డానికి తీసుకెళ్లారు. ఫెలీచే నజారో అనే డ్రైవర్ ఫియట్ కారులో గెలిచాడు. అంతే.. పిల్లాడికి రేస్ పిచ్చి పట్టేసింది.

ఆ తర్వాత అన్నీ కష్టాలే. 1916లో తండ్రి న్యుమోనియాతో చనిపోయారు. అదే ఏడాది అన్న కూడా పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎంజో సైన్యంలో చేరితే దొరికిన పని ఏంటో తెలుసా? కంచర గాడిదలకు నాడాలు కొట్టడం! యుద్ధం చివర్లో జబ్బు చేసి చావు అంచుల దాకా వెళ్లొచ్చారు. కోలుకుని ఉద్యోగం కోసం ట్యూరిన్‌లో ఫియట్ గుమ్మం తొక్కితే పని లేదు పొమ్మన్నారు. చలికాలంలో ఓ పార్క్ బెంచీ మీద కూర్చుని ఒంటరిగా ఏడ్చానని తర్వాత ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

ఇంజిన్ కాదు.. ముందు మనిషి కావాలి

1919లో సీఎంఎన్ అనే చిన్న కంపెనీ తరఫున తొలిసారి రేసులో దిగారు. మరుసటి ఏడాది ఆల్ఫా రోమియోలో చేరారు. 1920లో సిసిలీ కొండ దారుల్లో జరిగే టార్గా ఫ్లోరియో రేసులో రెండో స్థానం సాధించారు. అంటే మంచి డ్రైవరే. కానీ గొప్ప డ్రైవర్ మాత్రం కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆయన అసలు టాలెంట్ వేరే ఉంది. ఎవరు ఏ పనికి పనికొస్తారో ఇట్టే పసిగట్టేస్తారు. 1923లో ఫియట్‌లో పని చేస్తున్న విట్టోరియో జానో అనే ఇంజినీర్‌ని ఒప్పించి ఆల్ఫాకు తీసుకొచ్చారు. ఏ ఫియట్ తనకు ఉద్యోగం లేదు పొమ్మందో.. ఆ ఫియట్ నుంచే మనిషిని లాగేశారన్నమాట! జానో తయారు చేసిన పీ2 కారు 1925లో ఆల్ఫాను ప్రపంచ ఛాంపియన్‌ని చేసింది. కొత్త టెక్నాలజీ కావాలంటే ముందు దాన్ని తయారు చేసే మనిషిని పట్టుకోవాలి. ఈ పాఠం ఎంజో చివరి దాకా మర్చిపోలేదు.

1929లో మోడెనాలో సొంత రేసింగ్ టీమ్ పెట్టారు. పేరు స్కుదేరియా ఫెరారీ. ఆ టీమ్ ఆల్ఫా కార్లనే నడిపేది. 1932లో కొడుకు డీనో పుట్టాక ఎంజో డ్రైవింగ్ మానేశారు.

1935 జూలై 28.. జర్మనీలోని నర్బర్గ్‌రింగ్. నాజీ ప్రభుత్వ డబ్బుతో మెర్సిడెస్, ఆటో యూనియన్ టీమ్స్ తిరుగులేని కార్లు తయారు చేశాయి. ఆటో యూనియన్ కారులో అయితే ఇంజిన్ డ్రైవర్ వెనక ఉండేది. వాటి ముందు ఫెరారీ టీమ్ నడిపే ఆల్ఫా పీ3 పాత కారు కింద లెక్క. అయినా తాజియో నువొలారి అనే డ్రైవర్ ఆ పాత కారుతోనే జర్మన్ల సొంత గడ్డపై గెలిచి చూపించాడు. ఇటలీ ఊగిపోయింది. కానీ ఒక్క రేస్ గెలిచినంత మాత్రాన లెక్క మారలేదు. ఆ తర్వాతి ఏళ్లలో ఎక్కువ రేసులు జర్మన్లవే. అసాధ్యుడైన డ్రైవర్ ఉంటే పాత ఇంజిన్ ఒక రోజు గెలుస్తుంది. రోజూ గెలవదు.

12 సిలిండర్ల పిచ్చి

1939లో ఆల్ఫాతో తెగతెంపులయ్యాయి. నాలుగేళ్ల పాటు ఫెరారీ పేరుతో రేసుల్లోకి రాకూడదన్నది కండిషన్. అంతలోనే రెండో ప్రపంచ యుద్ధం. ఎంజో తన ఫ్యాక్టరీని 1943లో పక్కనే ఉన్న మారనెల్లోకి మార్చారు. దాని మీదా బాంబులు పడ్డాయి. మళ్లీ కట్టుకున్నారు.

1947 మార్చి 12న ఫెరారీ పేరుతో మొదటి కారు మారనెల్లో రోడ్డెక్కింది. దాని పేరు 125 ఎస్. ఇంజిన్ సైజు కేవలం 1.5 లీటర్లు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే మామూలు కారు ఇంజిన్ అంత! కానీ మన కార్లలో 3 లేదా 4 సిలిండర్లు ఉంటే.. అందులో 12 ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరం 'వీ' ఆకారంలో రెండు వరుసలుగా ఆరేసి సిలిండర్లు. దీన్నే వీ12 అంటారు. చిన్న చిన్న సిలిండర్లు ఎక్కువ ఉంటే ఇంజిన్ ఇంకా వేగంగా తిరుగుతుంది. సౌండ్ కూడా పాట పాడినట్టు ఉంటుంది. అలాంటి ఇంజిన్లున్న అమెరికన్ ప్యాకార్డ్ కార్లను చూసి ఎంజో ఎప్పుడో మనసు పారేసుకున్నారు.

మే నెలలో పియాచెంజాలో తొలి రేస్. ముందంజలో ఉండగా ఫ్యూయల్ పంప్ మొరాయించి కారు ఆగిపోయింది. రెండు వారాలకే రోమ్‌లో గెలిచింది. ఫెరారీ కథ మొదలైంది.

తల్లి లాంటి కంపెనీని ఓడించిన రోజు

1950లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది. అప్పటి రూల్ చాలా ఇంట్రెస్టింగ్. టీమ్స్ ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి.. 1.5 లీటర్ల చిన్న ఇంజిన్, కానీ సూపర్‌ఛార్జర్ పెట్టుకోవచ్చు. అంటే బయటి గాలిని బలవంతంగా ఇంజిన్‌లోకి నొక్కి పంపే పరికరం. రెండోది.. సూపర్‌ఛార్జర్ లేని 4.5 లీటర్ల పెద్ద ఇంజిన్. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

ఆల్ఫా మొదటి దారి పట్టింది. తిరుగులేకుండా గెలిచింది. ఫెరారీ కూడా మొదట అదే దారిలో వెళ్లి చతికిలపడింది. అప్పుడు అవురేలియో లాంప్రెడీ అనే ఇంజినీర్ రెండో దారి పడదామన్నాడు. ఎందుకంటే ఆల్ఫా ఇంజిన్ పవర్ ఎంతో.. దాని దాహం అంత. లీటరుకు కిలోమీటరు కూడా వచ్చేది కాదు! మధ్యమధ్యలో ఆగి ఇంధనం నింపుకోవాల్సిందే. తక్కువ తాగే ఇంజిన్ తక్కువసార్లు ఆగుతుంది. ఇదీ లాంప్రెడీ లెక్క.

1951 జూలై 14. ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్. అర్జెంటీనా డ్రైవర్ గొన్జాలెజ్ 4.5 లీటర్ల ఫెరారీతో ఆల్ఫాను 51 సెకన్ల తేడాతో ఓడించాడు. ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్‌లో ఫెరారీకి ఇదే తొలి గెలుపు. ఎంజో సంతోషపడ్డారు.. ఏడ్చారు కూడా. తనను పెంచిన కంపెనీని ఓడిస్తే కన్నతల్లిని చంపుకున్నంత బాధేసిందని తర్వాత రాసుకున్నారు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ ఆల్ఫాదే అయినా.. సీజన్ అయ్యాక ఆ కంపెనీ రేసుల నుంచి తప్పుకుంది.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. ఆ రోజు గెలుపును తేల్చిన వాటిలో ఇంధనం లెక్క పెద్దది. రూల్ రెండు దారులు తెరిచి ఉంచబట్టే ఆ లెక్క బయటపడింది. ఒకే రకం ఇంజిన్ వాడాలని ముందే రాసి ఉంటే లాంప్రెడీ ఐడియా కాగితం మీదే ఆగిపోయేది.

ప్రేమించిన ఇంజిన్ ఒకటి.. గెలిపించిన ఇంజిన్లు వేరు

ఆల్ఫా వెళ్లిపోయాక పోటీ కార్లు తగ్గాయి. దాంతో 1952, 1953లో ఛాంపియన్‌షిప్‌ని ఫార్ములా టూ రూల్స్‌తో నడిపారు. ఇంజిన్ 2 లీటర్లకు మించకూడదు. వీ12 పిచ్చి ఉన్న ఎంజో ఏం చేశారు? సింపుల్‌గా ఉండే 4 సిలిండర్ల ఇంజిన్‌కి ఓకే చెప్పారు. తేలిక, నమ్మకం, మలుపుల్లోంచి బయటికొచ్చేటప్పుడు మంచి లాగుడు. అల్బెర్టో అస్కారీ రెండేళ్లూ ఛాంపియన్ అయ్యాడు.

ఇప్పుడొక ఆశ్చర్యకరమైన విషయం. ఎంజో బతికుండగా ఫెరారీ డ్రైవర్లు ఫార్ములా వన్ టైటిల్ 9 సార్లు గెలిచారు. 1952, 53లో 4 సిలిండర్లు. 1956లో లాన్చియా కంపెనీ నుంచి వచ్చిన కారులో వీ8. 1958, 61లో వీ6. 1964లో మళ్లీ వీ8. 1975, 77, 79లో సిలిండర్లు నేలబారుగా పడుకున్నట్టుండే ఫ్లాట్ 12. అంటే ఆయన ప్రాణం పెట్టుకున్న 'వీ' ఆకారపు 12 సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి కూడా ఈ టైటిల్ తేలేదు! లె మాన్స్ లాంటి 24 గంటల రేసుల్లో మాత్రం వీ12 దుమ్ము దులిపింది. 1960 నుంచి 1965 వరకు వరుసగా ఆరుసార్లు అక్కడ ఫెరారీదే గెలుపు.

డీనో.. ఆసుపత్రి మంచం మీద ఇంజిన్

కొడుకు డీనోకు కండరాలు క్షీణించే జబ్బు. మంచం పట్టిన కొడుకు పక్కన కూర్చుని ఎంజో, జానో కొత్త 1.5 లీటర్ల ఇంజిన్ గురించి మాట్లాడేవారు. చర్చ అంతా ఎన్ని సిలిండర్లు పెడదాం అన్న దాని మీదే. చివరికి వీ6 అనుకున్నారు. 1956 జూన్ 30న డీనో చనిపోయాడు. వయసు 24. కొన్ని నెలలకే ఆ ఇంజిన్ స్టార్ట్ అయింది. ఎంజో దానికి కొడుకు పేరే పెట్టారు. 1958లో ఆ డీనో వీ6 కారుతోనే మైక్ హాథార్న్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

కానీ అవి రక్తం పారిన ఏళ్లు. 1957లో క్యాస్టెలోట్టి మోడెనాలో టెస్టింగ్ చేస్తూ చనిపోయాడు. అదే ఏడాది మే 12న మిల్లే మిలియా రేసులో ఫెరారీ కారు జనంలోకి దూసుకెళ్లింది. డ్రైవర్ దె పోర్తాగో, అతని పక్కన ఉన్న నెల్సన్, 9 మంది ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో ఐదుగురు పిల్లలు. రోడ్ల మీద జరిగే ఆ రేస్ అంతటితో ఆగిపోయింది. ఎంజో మీద కేసు పెట్టారు. 1961లో గానీ నిర్దోషిగా తేల్చలేదు. 1958లో ముస్సో, కాలిన్స్ కూడా ఫెరారీ కార్లలోనే పోయారు. తన పిల్లల్ని తానే మింగే పురాణ దేవుడితో ఆయన్ని పోలుస్తూ వాటికన్ పత్రిక రాసింది.

ఇంజిన్ పవర్ పెరిగినంత స్పీడ్‌గా ట్రాక్‌లు, బ్రేకులు, సేఫ్టీ పెరగలేదు. ఇంజిన్ గురించి ఎంత మాట్లాడుకున్నా.. ఈ పేర్లు మర్చిపోతే లెక్క సగమే.

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

అప్పుడే ఇంగ్లండ్‌లో కూపర్ అనే చిన్న టీమ్ ఇంజిన్‌ని డ్రైవర్ వెనక పెట్టింది. తేలిక కారు, చిన్న ఇంజిన్. 1958 అర్జెంటీనా రేసులో స్టిర్లింగ్ మోస్ దానితో గెలిచేసరికి అందరూ నోరెళ్లబెట్టారు. 1959, 1960లో జాక్ బ్రాభమ్ కూపర్‌తో వరుసగా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఎంజో మాత్రం ససేమిరా అన్నారు. బండిని ఎద్దులు ముందుండి లాగాలి గానీ వెనక నుంచి నెట్టవు కదా అన్నది ఆయన వాదన. అసలు కారణం వేరే ఉంది. ఆయన దృష్టిలో కారంటే ఇంజిన్. మిగతాదంతా దాన్ని మోసే ఫ్రేమ్ మాత్రమే. కానీ కూపర్ చెప్పింది వేరు. బరువు ఎక్కడుంది, కారు ఎంత చిన్నగా ఉంది, మలుపులో ఎలా తిరుగుతుంది.. ఇవి కూడా ఇంజిన్ అంత ముఖ్యమేనని.

1960 సెప్టెంబర్‌లో మోంజాలో ఫిల్ హిల్ ముందు ఇంజిన్ ఫెరారీతో గెలిచాడు. కానీ ఆ రోజు ప్రధాన బ్రిటిష్ టీమ్స్ రేసులోనే లేవు. మోంజాలోని ఏటవాలు ట్రాక్ ప్రమాదకరమని బాయ్‌కాట్ చేశాయి. ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రిక్స్ రేసుల్లో ముందు ఇంజిన్ కారు గెలవడం అదే ఆఖరిసారి.

సీన్ కట్ చేస్తే 1961. మొండిపట్టు పట్టిన ఎంజోనే ఇంజిన్ వెనకున్న కారు దించారు! ఎలా? 1961 నుంచి ఇంజిన్ సైజు 1.5 లీటర్లకు తగ్గుతుందని 1958లోనే ప్రకటించారు. బ్రిటిష్ టీమ్స్‌కి అది నచ్చలేదు. రూల్ ఎలాగూ మారుతుందిలే అని గొడవ చేస్తూ కూర్చున్నాయి. ఫెరారీ మాత్రం చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోయింది. 1960 మొనాకోలో వెనక ఇంజిన్ కారుని ప్రయోగంగా నడిపి చూసింది. కార్లో కీటి అనే ఇంజినీర్ ఆధ్వర్యంలో సొర చేప ముక్కు లాంటి ముందుభాగంతో 156 తయారైంది. 8 రేసుల్లో 5 ఫెరారీవే. ఫిల్ హిల్ ఛాంపియన్.

కానీ ఆ టైటిల్ ఖాయమైన రోజే.. 1961 సెప్టెంబర్ 10న మోంజాలో అతని టీమ్‌మేట్ వోల్ఫ్‌గాంగ్ వాన్ ట్రిప్స్ కారు జనం వైపు ఎగిరిపడింది. ట్రిప్స్‌తో పాటు పది మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. గెలిచిన వాళ్లెవరూ నవ్వలేదు.

డబ్బు ముందు మొండితనం ఎంత కాలం?

ఇంజిన్ మారాలంటే డబ్బు కావాలి. 1963లో అమెరికా కంపెనీ ఫోర్డ్ ఫెరారీని కొనడానికి వచ్చింది. రేసింగ్ నిర్ణయాలు తన చేతిలో ఉండవని తెలియగానే ఎంజో ఆఖరి నిమిషంలో అడ్డం తిరిగారు. పగబట్టిన ఫోర్డ్ 1966 లె మాన్స్‌లో మొదటి మూడు స్థానాలూ ఊడ్చేసింది.

ఇంకో దెబ్బ 1967లో పడింది. ఫోర్డ్ డబ్బుతో కాస్‌వర్త్ అనే కంపెనీ డీఎఫ్‌వీ ఇంజిన్ తయారు చేసింది. హాలండ్‌లో జిమ్ క్లార్క్ చేతిలో తొలి రేసులోనే గెలిచింది. తర్వాత ఆ ఇంజిన్‌ని డబ్బు పెట్టి ఎవరైనా కొనుక్కునే వీలు కల్పించారు. గ్యారేజీలో కారు తయారు చేసుకునే చిన్న టీమ్స్ కూడా దాంతో గ్రాండ్ ప్రిక్స్ గెలిచాయి. డీఎఫ్‌వీ మొత్తం 155 గ్రాండ్ ప్రిక్స్ విజయాలు సాధించింది. సొంతంగా ఇంజిన్ తయారు చేయని వాళ్లంటే ఎంజోకి చిన్నచూపు. అయినా నిజం ఏంటంటే.. ఆ రోజుల్లో గ్రిడ్ నిండా కార్లు ఉన్నాయంటే ఆ అమ్మకపు ఇంజిన్ పుణ్యమే.

చివరికి 1969లో ఫెరారీలో సగం వాటా ఫియట్‌కి అమ్మారు. అవును.. ఒకప్పుడు ఉద్యోగం ఇవ్వని ఫియటే! రేసింగ్ పగ్గాలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ డబ్బు, మావ్రో ఫోర్గియేరి బుర్ర కలిసి ఫ్లాట్ 12ని నిలబెట్టాయి. నికీ లాడా రెండుసార్లు, జోడీ షెక్టర్ ఒకసారి ఛాంపియన్ అయ్యారు.

పసుపు టీ కెటిల్ నవ్వులు.. ఆ తర్వాత ఏడుపులు

1977లో రెనో కంపెనీ సిల్వర్‌స్టోన్‌లో టర్బో కారు దించింది. టర్బో అంటే సింపుల్‌గా చెప్పాలంటే.. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి గ్యాస్‌తో ఓ చిన్న చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నొక్కడం. మొదట్లో ఆ కారు మాటిమాటికీ పొగలు కక్కుతూ ఆగిపోయేది. పసుపు టీ కెటిల్ అని అందరూ వెక్కిరించారు. 1979లో ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో అది గెలిచాక వెక్కిరింతలు ఆగిపోయాయి.

1980లో ఫెరారీ పరిస్థితి ఘోరం. ఛాంపియన్ టీమ్ కాస్తా టీమ్స్ పట్టికలో పదో స్థానానికి పడిపోయింది. అప్పుడు కార్ల అడుగున గాలిని మళ్లించి నేలకు అతుక్కునేలా చేసే టెక్నిక్ నడుస్తోంది. అడ్డంగా వెడల్పుగా ఉండే ఫ్లాట్ 12 ఇంజిన్ సరిగ్గా ఆ గాలి దారికే అడ్డం. ఎంత మంచి ఇంజిన్ అయినా కాలం మారితే అదే గుదిబండ.

ఎంజోకి అప్పుడు 82 ఏళ్లు. ఆ వయసులో ఆయన మూడు టైటిళ్లు తెచ్చిన ఇంజిన్‌ని పక్కన పెట్టి 1.5 లీటర్ల వీ6 టర్బోకి ఓకే చెప్పారు. 1981లో జీల్ విల్నెవ్ ఆ టర్బోతో మొనాకోలో గెలిచాడు. 1982, 1983లో టీమ్స్ టైటిల్ ఫెరారీదే. కానీ మళ్లీ అదే విషాదం. ఎంజో కొడుకులా చూసుకున్న విల్నెవ్ 1982 మే 8న బెల్జియంలోని జోల్డర్‌లో ప్రమాదంలో చనిపోయాడు.

88 ఏళ్ల వయసులో ఆఖరి ఫైట్

టర్బోల పవర్ వెయ్యి హార్స్‌పవర్ దాటింది. రూల్స్ పెట్టేవాళ్లకు భయం పట్టుకుంది. ముందు ఇంధనం మీద కోత పెట్టారు. 1984లో రేసుకి 220 లీటర్లు. 1986లో 195. 1988లో టర్బోలకు 150 లీటర్లే. 1989 నుంచి టర్బో పూర్తిగా బ్యాన్. వాటి స్థానంలో 3.5 లీటర్ల మామూలు ఇంజిన్లు. 1987, 88లో రెండూ కలిసి పరుగెత్తేలా టైమ్ ఇచ్చారు.

అయితే కొత్త ఇంజిన్లను 8 సిలిండర్లకే పరిమితం చేయాలన్న ఆలోచన వచ్చింది. అంతే.. పెద్దాయనకు కోపం వచ్చింది. సైజు మీరు చెప్పండి, సిలిండర్లు ఎన్నో నేను తేల్చుకుంటా అన్నది ఆయన స్టాండ్. అమెరికాలోని ఇండీకార్ రేసులకు వెళ్లిపోతానని బెదిరించడమే కాదు.. 1986లో ఏకంగా 637 అనే ఇండీకార్ తయారు చేసి చూపించారు. ఆ కారు ఒక్క రేసులో కూడా పరుగెత్తలేదు. పరుగెత్తాల్సిన అవసరమూ రాలేదు. 12 సిలిండర్ల దాకా అనుమతి వచ్చేసింది.

1988 ఆగస్టు 14న ఎంజో కన్నుమూశారు. 90 ఏళ్లు. సరిగ్గా నాలుగు వారాలకు మోంజాలో రేస్. ఆ సీజన్‌లో మెక్‌లారెన్ 16 రేసుల్లో 15 గెలిచింది. గెలవని ఆ ఒక్కటీ మోంజానే. అక్కడ ఫెరారీ డ్రైవర్లు బెర్గర్, అల్బొరెటో మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. 1989 మొదటి రేసులో ఫెరారీ కొత్త వీ12తో నైజెల్ మాన్సెల్ గెలిచాడు. స్టీరింగ్ వెనక మీట నొక్కితే గేర్ మారే సిస్టమ్ కూడా ఆ కారుతోనే ఫార్ములా వన్‌లో తొలిసారి గెలిచింది. ఆ ఏడాది గ్రిడ్ మీద వీ8, వీ10, వీ12.. మూడూ కనిపించాయి. పెద్దాయన లేరు. ఆయన కొట్లాడి సాధించిన ఛాయిస్ ఉంది.

మరి ఇప్పుడేంటి?

ఎంజో పోయాక ఫార్ములా వన్ వేరే దారి పట్టింది. 2000 నుంచి అందరూ వీ10 వాడాలన్నారు. 2006లో వీ8. 2014 నుంచి అందరికీ 1.6 లీటర్ల వీ6 టర్బో హైబ్రిడ్. టెక్నాలజీ పరంగా అద్భుతమే. పెట్రోల్‌లోని శక్తిలో సగానికి పైగా పనికొచ్చేలా చేశామని 2017లో మెర్సిడెస్ ప్రకటించింది. కానీ ఖర్చు ఆకాశాన్నంటింది. సౌండ్ తగ్గిందని ఫ్యాన్స్ అలిగారు.

2026 రూల్స్ ఇంకో అడుగు. ఇంజిన్ అదే 1.6 లీటర్ల వీ6. కానీ పవర్‌లో దాదాపు సగం కరెంట్ మోటార్ నుంచి రావాలి. భూమిలోంచి తీసిన పెట్రోల్ కాకుండా పర్యావరణానికి అనుకూలమైన ఇంధనం వాడాలి. మరోవైపు అలాంటి ఇంధనంతోనే వీ8, వీ10 మోతను మళ్లీ తెద్దామన్న చర్చ 2025లో గట్టిగా నడిచింది. అంటే గొడవ ఇంకా తేలలేదు.

ఎంజో జీవితం చూస్తే ఒక దారి కనిపిస్తుంది. రూల్స్ రాసేవాళ్లు ఎంత ఇంధనం, ఎంత శక్తి, ఎంత సేఫ్టీ.. ఈ మూడింట్లో గట్టిగా ఉండాలి. అక్కడ రాజీ పడితే ఏమవుతుందో మిల్లే మిలియా, మోంజా చెప్పాయి. మార్పుకి టైమ్ ఇవ్వాలి. 1961లో ముందుగా చెప్పిన రూల్‌ని నమ్మి పని చేసినవాడే గెలిచాడు. డబ్బున్న కంపెనీలే కాదు, చిన్న టీమ్స్ కూడా కొనుక్కోగలిగే ఇంజిన్ ఉండాలి. డీఎఫ్‌వీ నేర్పింది అదే. ఇక ఆ హద్దుల్లో ఎలాంటి ఇంజిన్ తయారు చేసుకోవాలన్నది మాత్రం ఇంజినీర్లకు వదిలేయాలి. అందరికీ ఒకటే ఇంజిన్ అంటే 1951 సిల్వర్‌స్టోన్ లాంటి రోజు మళ్లీ రాదు.

ఇది ఊహే కాదు. లె మాన్స్‌లో ఇవాళ ఇలాంటిదే జరుగుతోంది. అక్కడ పవర్, బరువు లెక్కలు సరిచేసి రకరకాల ఇంజిన్లను కలిపి పోటీకి దించుతున్నారు. 2025లో హైబ్రిడ్‌లతో పాటు ఆస్టన్ మార్టిన్ వీ12 కూడా పరుగెత్తింది. అదే లె మాన్స్ పెద్ద కార్ల క్లాస్‌లోకి 50 ఏళ్ల తర్వాత 2023లో తిరిగొచ్చిన ఫెరారీ.. వీ6 టర్బో హైబ్రిడ్‌తో మొదటి ప్రయత్నంలోనే గెలిచింది. 2025 అక్టోబర్‌లో ఫెరారీ తన తొలి పూర్తి ఎలక్ట్రిక్ కారు మోటార్లు, బ్యాటరీ కూడా చూపించింది.

పెద్దాయన ఉంటే ఏమనేవారు? మొదట ససేమిరా అనేవారేమో. రెండేళ్లు మొండికేసేవారేమో. ఆ తర్వాత కరెంట్ మోటార్లలో ఆరితేరిన ఇంజినీర్ ఎవరో కనుక్కుని.. మారనెల్లోకి పిలిపించేవారు. ఆయన జీవితం మనకు చెప్తున్నది అదే.